మగకుక్కను వెతకడం ఆఖరి పని

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చూసినా అప్పుడప్పుడూ ఒక మెసేజ్ పడుతుంటుంది: "మా షిట్జూ ఫిమేల్ హీట్‌లో ఉంది, మంచి మేల్ ఉంటే చెప్పండి, అర్జెంట్." షిట్జూ ఒక చిన్న జాతి కుక్క, హీట్ అంటే ఎదకు రావడం. అర్జెంట్ ఎందుకంటే, టైల్స్ మీద రక్తం చుక్కలు కనిపించాకే ఇంట్లో వాళ్లకు ఈ ఆలోచన వచ్చింది, ఇక చేతిలో ఉన్నది పది పన్నెండు రోజులు. ఆ పది రోజుల్లో మగకుక్క దొరుకుతుంది, అందులో సందేహం లేదు. టీకాలు, మోకాళ్ల పరీక్ష, పిడుదుల జ్వరం ఉందో లేదో చూడటం, ఎక్కువైన బరువు తగ్గించడం మాత్రం ఆ పది రోజుల్లో అయ్యే పనులు కావు. హడావుడిలో వాటన్నిటినీ వదిలేసి, జత కట్టించేసి, మిగతాది దేవుడి మీద వేస్తారు.

ఆడకుక్క మామూలుగా ఐదు నుంచి ఏడు నెలలకోసారి ఎదకు వస్తుంది, చిన్న జాతుల్లో కొన్ని నాలుగు నెలలకే వస్తాయి. కాబట్టి తొందర పడాల్సిన అవసరమే లేదు. ఈసారి హీట్ మొదలైన తేదీ క్యాలెండర్ మీద రాసుకుని, కుక్కను జాగ్రత్తగా లోపలే ఉంచి, వచ్చే హీట్‌కు సిద్ధం చేయొచ్చు. ఆ మధ్యలో దొరికే ఐదారు నెలలే అసలు తయారీ.

అంతకన్నా ముందు, అసలు ఎందుకు అన్న ప్రశ్న ఒకటి ఉంది. "ఒక్క ఈతైనా ఈననివ్వాలి, లేకపోతే గర్భసంచి పాడైపోతుంది" అనే మాట ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు చెబుతారు, ఇక్కడి పక్కింటివాళ్లూ చెబుతారు. ఒకసారి ఈనినంత మాత్రాన ఆడకుక్క ఆరోగ్యానికి వచ్చే ప్రత్యేకమైన మేలు ఏమీ లేదు. గర్భసంచిలో చీము పట్టే జబ్బు ఈనిన కుక్కకూ వస్తుంది, ఈనని కుక్కకూ వస్తుంది; దాన్ని ఆపేది కాన్పు కాదు, గర్భసంచి తీసేసే ఆపరేషన్. "దానికీ తల్లి కావాలని ఉంటుంది కదా" అనేది మనుషుల మాట, కుక్క మాట కాదు. ఈ ఊళ్లో జంతు సంక్షేమ సంస్థల షెల్టర్లలో ఇల్లు దొరకని కుక్కలు, వాటిలో జాతికుక్కలు కూడా, ఉంటూనే ఉన్నాయి. ఇవన్నీ తెలిసీ, మంచి వంశం ఉన్న, మంచి గుణం ఉన్న కుక్క పిల్లలు కావాలని అనుకుంటే అప్పుడు మిగతా మాటలు.

చట్టం కూడా ఇందులో ఉందని చాలామందికి తెలియదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2017లో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. పిల్లలను అమ్మడానికి కుక్కలను పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, అది ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు చెప్పాలి, ఏడాదికి ఒక ఈతకు మించకూడదు, వరసగా రెండు హీట్లలో కట్టించకూడదు, జీవితంలో ఐదు ఈతలు దాటకూడదు, ఎనిమిదేళ్లు దాటితే ఆపేయాలి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. ఇవి కనీస హద్దులు మాత్రమే. ఐదు ఈతలు అనుమతి ఉంది కదా అని ఐదూ వాడుకోవడం బాధ్యత కిందికి రాదు.

చిన్న జాతి కుక్కలకు మొదటి హీట్ ఆరు నుంచి పది నెలల మధ్య వచ్చేస్తుంది. అప్పటికి ఒళ్లు పెరిగినట్టు కనిపించినా అది ఇంకా పిల్లే. రెండేళ్ల ప్రాంతంలో మొదటి కాన్పు బాగుంటుంది. మరీ ఆలస్యమై ఐదారేళ్లకు మొదటిసారి అంటే కాన్పు కష్టమయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇక "టీకప్" అని ముద్దుగా పిలిచి అమ్మిన మరీ చిన్న కుక్కలను, అంటే కిలోన్నర, రెండు కిలోల చివావాలను, పొమెరేనియన్లను ఈ పనికి దూరంగా ఉంచాలి. టీకప్ అనేది జాతి పేరు కాదు, అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. ఆ సైజు తల్లి కటి ఎముకల మధ్య నుంచి పిల్ల తల బయటికి రావాలంటే ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. (అన్నట్టు, మన ఇళ్లలో పొమెరేనియన్ అని పెరిగిన తెల్లకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. వంశం చూపే కాగితాలు లేకుండా జాతి గురించి వాదించుకోవడం వల్ల ఉపయోగం లేదు. కాగితాలు కావాలంటే చెన్నైలో ఉన్న కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్, కుక్క ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి.)

పరీక్షల్లో మొదటిది మోకాలు. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప దాని గాడి నుంచి పక్కకు జారిపోవడం చాలా మామూలు. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు పైకెత్తి రెండు గంతులు వేసి మళ్లీ మామూలుగా నడిచే కుక్కను చూసి "అల్లరి చేస్తోంది" అని నవ్వుకుంటారు. అది అల్లరి కాదు. డాక్టర్ చేత్తో పట్టి చూసి ఒకటి నుంచి నాలుగు గ్రేడ్లలో ఎక్కడుందో చెబుతారు, దీనికి పెద్ద మెషీన్లు కూడా అక్కర్లేదు. ఇది చాలావరకు వంశపారంపర్యం, కాబట్టి చిప్ప జారే తల్లిని వాడితే పిల్లల్ని కొన్నవాళ్లు రెండు మూడేళ్లకు ఆపరేషన్ టేబుల్ దగ్గర నిలబడతారు. రెండోది కళ్లు. మెల్లమెల్లగా రెటీనా దెబ్బతిని గుడ్డితనం తెచ్చే జబ్బు పూడుల్స్ లాంటి జాతుల్లో ఉంది, దాని ఒక రకానికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గర నుంచీ ఆ లోపం వస్తేనే పిల్లకు జబ్బు వస్తుంది, కనుక ఒకరిలో దాగి ఉన్నా రెండోవారు పూర్తిగా శుభ్రంగా ఉంటే పిల్లలకు చూపు పోదు. ఇంత తేలికైన లెక్క కూడా పరీక్ష చేయించకపోతే తెలియదు. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు వాటికి ఊపిరి ఎలా ఉందో చూడాలి: పది నిమిషాలు నడిపిస్తే గురక పెడుతూ నాలుక నీలంగా మారే కుక్క కడుపుతో ఉన్నప్పుడు ఇంకెంత అవస్థ పడుతుందో ఊహించుకోవచ్చు. డ్యాష్‌హౌండ్‌కు వెన్నుపూసల జబ్బు, యార్కీ, మాల్టీస్‌లకు లివర్‌ను దాటి రక్తం పక్కదారి పట్టే పుట్టుక లోపం. ఏ జాతికి ఏ జబ్బు అనేది ముందే తెలుసుకోవాలి. గుణం కూడా పరీక్షే. అపరిచితులను చూస్తే వణికిపోయే, లిఫ్టులో పిల్లల్ని కరవబోయే కుక్క ఎంత అందంగా ఉన్నా దాని పిల్లలు మరో పది ఇళ్లకు అవసరం లేదు.

ఇవన్నీ బాగుంటే, హీట్‌కు రెండు మూడు నెలల ముందు నుంచి మామూలు పనులు. టీకాలు అప్పుడే పూర్తవ్వాలి, ఎందుకంటే పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులకు వేసే బతికున్న వైరస్ టీకాలు కడుపుతో ఉన్నప్పుడు వేయరు. తల్లి ఒంట్లో ఉన్న రక్షణలో మావి ద్వారా పిల్లకు చేరేది చాలా తక్కువ, దాదాపు అంతా మొదటి రోజు తాగే ముర్రుపాల నుంచే రావాలి. తల్లి దగ్గర లేనిది పిల్లకు ఇవ్వలేదు కదా. పళ్లు శుభ్రం చేయించడం కూడా ఈ సమయంలోనే, చిన్న కుక్కల నోళ్లు తొందరగా పాడవుతాయి, దానికి మత్తు ఇవ్వాలి, ఆ మత్తు కడుపుతో ఉన్నప్పుడు పెట్టుకోవడం ఎందుకు.

బెంగళూరులో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది పిడుదులు. ఇక్కడి వాతావరణానికి అవి ఏడాది పొడవునా ఉంటాయి, పార్కు గడ్డిలో, బేస్‌మెంట్ గోడ పగుళ్లలో కూడా. పిడుదు కాటుతో వచ్చే ఎర్లిచియా జ్వరానికి ఇచ్చే ముఖ్యమైన మందు డాక్సీసైక్లిన్. అది కడుపులో పిల్లల ఎముకల మీద, పళ్ల మీద ప్రభావం చూపుతుంది కాబట్టి చూలుతో ఉన్నప్పుడు మామూలుగా ఇవ్వరు. ఇవ్వకపోతే తల్లి ప్రాణానికి ముప్పు. ఇలాంటి ఇరకాటంలో డాక్టర్‌ను నిలబెట్టే బదులు, ముందే రక్త పరీక్ష చేయించి, ప్లేట్‌లెట్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, పిడుదుల నివారణ మందు ఏది గర్భంలో కూడా వాడొచ్చో అడిగి దానికి మారిపోవడం నయం. అన్ని మాత్రలూ వాడదగ్గవి కావు.

బ్రూసెల్లా గురించి మన దగ్గర ఎక్కువమంది అడగరు, మగకుక్క వాళ్లనైతే అసలే అడగరు, మర్యాద కాదనుకుంటారేమో. ఇది జత కట్టినప్పుడు అంటుకునే బ్యాక్టీరియా జబ్బు. చూలు ఆరున్నర, ఏడు వారాలు దాటాక గర్భం పోతుంది, మగకుక్కకు వృషణాలు వాచి సంతానశక్తి పోతుంది, మనుషులకూ అంటుతుంది, టీకా లేదు, పూర్తిగా నయం చేయడమూ కష్టమే. రెండు వైపులా రిపోర్టు చూశాకే జత. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇప్పుడు హీట్ వచ్చింది. ఇక్కడ జనం చేసే లెక్క ఒకటే: రక్తం కనిపించిన పదో రోజు ఒకసారి, పన్నెండో రోజు ఒకసారి. చాలాసార్లు అది ఫలిస్తుంది కూడా, ఎందుకంటే మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క ఒంట్లో ఐదారు రోజులైనా బతికి ఉంటాయి. కానీ కొన్ని కుక్కలకు అండం ఏడో రోజే విడుదలవుతుంది, కొన్నిటికి ఇరవయ్యో రోజు దాటాక. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎంతుందో చూసే రక్త పరీక్ష రెండు మూడు రోజులకోసారి చేయిస్తే ఇది తేలిపోతుంది: ఆ అంకె మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల దగ్గరికి వచ్చినప్పుడు అండాలను విడుదల చేయించే ఇంకో హార్మోన్ ఉప్పెన లోపల మొదలైనట్టు, 5 దాటే సమయానికి అండాలు విడుదలైనట్టు. కుక్కల్లో ఇంకో విచిత్రం, విడుదలైన అండం వెంటనే పనికిరాదు, పండటానికి మరో రెండు రోజులు తీసుకుంటుంది. కాబట్టి విడుదలైన రెండు మూడు రోజులకు కలపడం మంచిది. ల్యాబ్‌ను బట్టి అంకెలు కాస్త మారతాయి, అందుకని అన్ని పరీక్షలూ ఒకే చోట చేయించాలి.

"ఎలాగూ కట్టేస్తుంది, ఇంత ఖర్చు ఎందుకు" అంటారు. ఈ పరీక్ష అసలు ఉపయోగం చూలు కట్టడానికి కాదు, కాన్పు తేదీ తెలియడానికి. కలిసిన రోజు నుంచి లెక్కపెడితే కాన్పు 57వ రోజు నుంచి 72వ రోజు దాకా ఎప్పుడైనా కావచ్చు, రెండు వారాల తేడా. అండం విడుదలైన రోజు నుంచి లెక్కపెడితే 63 రోజులు, ఒక రోజు అటూ ఇటూ. చిన్న జాతులకు ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చే తేడా, ఎందుకంటే వీటికి తరచూ ఒకటో రెండో పిల్లలే ఉంటాయి. నొప్పులు మొదలవ్వాలంటే లోపలి పిల్లల నుంచే తల్లికి హార్మోన్ సంకేతం వెళ్లాలి. ఒక్క పిల్లే ఉంటే ఆ సంకేతం చాలక నొప్పులు రాకపోవచ్చు, పైగా చోటంతా తనదే కాబట్టి ఆ ఒక్క పిల్ల పెద్దగా పెరిగి దారిలో ఇరుక్కోవచ్చు. అప్పుడు సిజేరియన్. నాలుగు రోజులు ముందు చేస్తే పిల్ల ఊపిరితిత్తులు తయారుగా ఉండవు, రెండు రోజులు ఆలస్యం చేస్తే పిల్ల లోపలే పోవచ్చు. తేదీ తెలియని డాక్టర్ ఏం చేయాలి?

తేదీ తెలిస్తే ఇంకో లాభం, ఇంట్లో వాళ్ల క్యాలెండర్‌తో సరిచూసుకోవచ్చు. నవంబరు 12న అండం విడుదలైతే 63 రోజులకు సరిగ్గా జనవరి 14. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లలో సగం మంది ఆ వారం అనంతపురం, కర్నూలు, గుంటూరు రోడ్ల మీద ఉంటారు. నిండు చూలాలిని కారు వెనక సీట్లో పడుకోబెట్టి సంక్రాంతికి తీసుకెళ్లడమో, పనిమనిషికి అప్పజెప్పి వెళ్లడమో రెండూ కుదరని పనులు. అలాంటప్పుడు ఆ హీట్ వదిలేయడమే.

కలపడం గురించి చెప్పాల్సింది తక్కువ. ఆడకుక్కనే మగకుక్క ఇంటికి తీసుకెళ్లాలి. మగకుక్క సైజు ఆడదానికన్నా పెద్దదిగా ఉండకూడదు. రెండూ ముడిపడి ఐదు నిమిషాల నుంచి అరగంట దాకా అలా ఉండిపోవడం సహజం, భయపడి లాగితే రెండింటికీ గాయమే. "పిల్లల్లో ఒకటి మాకు" అనే ఒప్పందం ఉంటే, ఒక్కటే పుడితే ఎవరిది అనేది కూడా ముందే కాగితం మీద పెట్టుకోవాలి, తర్వాత అపార్ట్‌మెంట్ లాబీలో గొడవపడకుండా.

చూలు నిలిచిందో లేదో 25 నుంచి 30 రోజుల మధ్య స్కానింగ్‌లో తెలుస్తుంది. పాలు రావడం, పొట్ట కనిపించడం చూసి నమ్మకూడదు, చూలు నిలవకపోయినా ఆడకుక్క ఒంట్లో హార్మోన్లు అదే తీరులో నడుస్తాయి కాబట్టి ఉత్తి కడుపే అయినా బొమ్మలను పోగేసి గూడు కట్టుకునే కుక్కలు బోలెడు. ఎన్ని పిల్లలో లెక్క తేలేది 55వ రోజు దాటాక తీసే ఎక్స్‌రేలో. చిన్న జాతికి ఆ ఎక్స్‌రే తప్పనిసరి అనుకోవాలి. మూడు ఉన్నాయని తెలిస్తేనే రెండు పుట్టాక ఇంకా ఒకటి ఉందని తెలుస్తుంది, పిల్ల తల ఎంత, తల్లి కటి ఎంత అనేది కూడా డాక్టర్ అంచనా వేయగలుగుతారు.

తిండి దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, చూలు అని తెలిసిన రోజు నుంచే రెట్టింపు పెట్టడం. మొదటి ఐదు వారాలు మామూలు తిండే చాలు, పిల్లలు అసలు పెరిగేది ఆఖరి మూడు నాలుగు వారాల్లో. అప్పుడు మెల్లగా పెంచి కాన్పు నాటికి నాలుగో వంతు నుంచి సగం దాకా ఎక్కువ, అదీ చిన్న చిన్న ముద్దలుగా రోజుకు నాలుగైదు సార్లు, ఎందుకంటే పొట్టలో చోటు ఉండదు. పెరుగన్నంతోనో రాగి సంకటితోనో నడిపిస్తున్న ఇళ్లలో ఈ వారాలకైనా కుక్కపిల్లల కోసం చేసిన మంచి ఫుడ్‌కు మారితే సరైన మాంసకృత్తులు, ఖనిజాలు అందుతాయి. లావెక్కిన తల్లికి నొప్పులు బలంగా రావు.

రెండో తప్పు క్యాల్షియం, ఇది ప్రేమతో చేసే తప్పు. పిల్లల ఎముకలకు కావాలి కదా అని మొదటి నెల నుంచే సిరప్ పోస్తారు. ఒంట్లో క్యాల్షియం తగ్గినప్పుడు ఎముకల నుంచి తీసి రక్తంలోకి పంపే పని మెడ దగ్గరి చిన్న గ్రంథులది. బయట నుంచి రోజూ వచ్చి పడుతుంటే అవి పని తగ్గించేస్తాయి. కాన్పు అయ్యాక రెండు మూడు వారాలకు, నాలుగు పిల్లలు ఒకేసారి పాలు లాగుతుంటే ఒక్కసారిగా క్యాల్షియం కావాలి, అప్పటికి ఆ గ్రంథులు నిద్రలో ఉంటాయి. అంతే, తల్లి రొప్పుతుంది, ఒకచోట నిలవదు, కాళ్లు బిగుసుకుంటాయి, ఒళ్లు వణుకుతుంది, జ్వరం, ఆ తర్వాత ఫిట్స్. చిన్న జాతుల్లోనే ఇది ఎక్కువ. రొప్పుతోందంటే ఎండకేమో అని ఫ్యాన్ వేసి కూర్చుంటే గంటల్లో చేయి దాటిపోతుంది. పిల్లలను వెంటనే పక్కకు తీసి, తల్లిని హాస్పిటల్‌కు తీసుకెళితే నరం ద్వారా క్యాల్షియం మెల్లగా ఎక్కిస్తారు. కాబట్టి చూలుతో ఉన్నప్పుడు సిరప్ వద్దు. పాలిచ్చేటప్పుడు అవసరమైతే డాక్టర్ చెబుతారు.

ఆఖరి మూడు వారాలు, కాన్పయ్యాక మూడు వారాలు వేరే కుక్కలకు దూరంగా ఉంచాలి. పెద్ద కుక్కకు జలుబులా వచ్చిపోయే హెర్పిస్ వైరస్ పసికూనలను ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది. పార్కులో షికారు, పెట్ బోర్డింగ్, గ్రూమింగ్ పార్లర్ అన్నీ అప్పటికి బంద్.

ఈనడానికి గూడు పది రోజుల ముందే సిద్ధం చేసి, తల్లికి అలవాటు చేయాలి. పెద్ద అట్టపెట్టె, అడుగున పాత నూలు చీరలు చాలు. చూసుకోవాల్సింది వెచ్చదనం: మొదటి వారం పిల్లలకు వణికే శక్తి కూడా ఉండదు, గూడు 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరు 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కింద గ్రానైట్ మంచులా ఉంటుంది. వేడినిచ్చే బల్బు గూడులో ఒక మూలకే పెట్టాలి, తల్లికి ఉక్కపోస్తే రెండో మూలకు జరగడానికి.

57వ రోజు నుంచి రోజుకు రెండుసార్లు టెంపరేచర్ రాసుకోవాలి. మామూలుగా 101 ఫారన్‌హీట్ దగ్గర ఉండేది 99 కిందికి పడితే దాదాపు ఒక రోజులో నొప్పులు మొదలవుతాయి. గట్టిగా ముక్కుతున్నా అరగంటలో పిల్ల రాకపోయినా, లోపల ఇంకా ఉందని తెలిసీ రెండు గంటలు గడిచినా, మొదటి పిల్ల కన్నా ముందే ఆకుపచ్చ స్రావం కనిపించినా, టెంపరేచర్ పడి ఒక రోజు దాటినా బయలుదేరాల్సిందే. నొప్పులు తెప్పించడానికి ఎవరో తెచ్చిచ్చిన ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇంట్లో వేయడం మాత్రం ఘోరం, పిల్ల అడ్డం పడి ఉంటే గర్భసంచి చిరిగిపోతుంది.

బయలుదేరడం అని తేలిగ్గా అన్నా, సర్జాపుర రోడ్డు నుంచి హెబ్బాళ పశువైద్య కళాశాల దాకా సాయంత్రం ఏడింటికి వెళ్లడం ఎంతసేపో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. ఇంటికి దగ్గరలో 24 గంటల బోర్డు ఉన్న క్లినిక్‌కు నెల ముందే వెళ్లి, రాత్రి రెండింటికి సిజేరియన్ చేసే డాక్టర్ నిజంగా ఉంటారా, మత్తు ఇచ్చేవాళ్లు ఉంటారా అని నేరుగా అడగాలి. చప్పిడి ముక్కు పగ్ అయితే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఖర్చు కూడా అప్పుడే అడగాలి. ఒక్క పిల్ల పుడితే, దాన్ని అమ్మితే వచ్చే డబ్బు కన్నా ఆపరేషన్ బిల్లే పెద్దది కావచ్చు.

పుట్టిన పిల్లలను వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ తూచాలి. మొదటి రోజు కొద్దిగా తగ్గినా తర్వాత ప్రతిరోజూ పెరగాలి, వారం పది రోజులకు పుట్టిన బరువు రెట్టింపు కావాలి. అరచేతిలో పట్టే ఈ పిల్లలకు ఒంట్లో చక్కెర నిల్వ ఉండదు, రెండు మూడు గంటలు పాలు అందకపోతే చల్లబడిపోతాయి. తల్లి పాలు చాలకపోతే కుక్కపిల్లల కోసం చేసిన పాలపొడి కలిపి పట్టాలి, ఆవుపాలలో వీటికి కావాల్సినంత కొవ్వు, మాంసకృత్తులు లేవు.

ఈ సమయంలో తల్లి తిండి మామూలు కన్నా రెండు మూడు రెట్లు. ఎనిమిది వారాలు నిండాక పిల్లలు వెళ్లిపోతే దాని పాలు ఆరిపోయి, జుట్టు రాలి, బక్కచిక్కి ఉంటుంది, మళ్లీ పుంజుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది, ఆలోగా ఇంకో హీట్ వచ్చేస్తుంది. ఆ హీట్‌లో కట్టించడానికి చట్టమూ ఒప్పుకోదు, ఒళ్లూ ఒప్పుకోదు. ఇక పిల్లలు వద్దనుకున్న ఇళ్లలో పాలు పూర్తిగా ఆరాక, వచ్చే హీట్ కన్నా ముందే గర్భసంచి ఆపరేషన్‌కు డాక్టర్ దగ్గర తేదీ తీసుకుంటారు.